గుండప్పకు ముప్పై రోజుల గడువు: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ అపార్ట్‌మెంట్, కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు,

నమస్కారం.

పోయిన వారం మా లిఫ్ట్‌లో ఒక కాగితం అంటించారు. "పిట్‌బుల్, తత్సమాన జాతుల కుక్కలు గల ఫ్లాట్ల వారు 30 రోజుల లోపు వాటిని తరలించవలెను. లేనిచో నీటి సరఫరా నిలిపివేయబడును." కింద మూడు సంతకాలు. నలభై ఫ్లాట్లున్న మా బిల్డింగులో అది వర్తించేది నా ఒక్కదానికే. అల్వాల్‌లో మాకు అంటించిన కాగితమే కొంపల్లిలో మా చెల్లెలి గేటెడ్ కమ్యూనిటీలోనూ, నిజాంపేటలో నా పాత స్టూడెంట్ వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనూ కనిపించింది. ఒకరి వాట్సాప్ నుంచి ఒకరు దింపుకుంటున్నట్టున్నారు, అక్షరదోషాలు కూడా అవే. అందుకే మా సెక్రటరీ గారికి ఒక్కరికే ఇచ్చి ఊరుకోకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

మీ ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. నెలనెలా మెయింటెనెన్స్ వసూలుకే చెప్పులరిగేలా తిరిగే మీకు ఈ కుక్కల గొడవ ఒకటి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయినా ఆ కాగితం మీరనుకున్న పని చేయదు. ఎందుకు చేయదో చెప్పాలంటే ముందు మా కుక్క గుండప్ప సంగతి చెప్పాలి.

గుండప్ప నా దగ్గరికి 2024 మార్చి ఆఖర్లో వచ్చాడు. నేను కొనలేదు. మా పై ఫ్లాట్‌లో అద్దెకుండే ఐటీ అబ్బాయి ఇన్‌స్టాలో ఫొటో చూసి పాతిక వేలు పోసి కొన్నాడు. నిలబడితే రౌడీలా కనిపించాలని అమ్మినవాడు ముందే చెవులు కత్తిరించి ఇచ్చాడు. ఇప్పటికీ ఎడమ చెవి అంచు చేత్తో తడిమితే చింపిన కార్డ్‌బోర్డులా గరుకుగా తగులుతుంది. అప్పట్లో పేరు డెవిల్. ఆ నెల 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. పిట్‌బుల్ టెర్రియర్, రాట్‌వీలర్ సహా 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపించాలని, ఇళ్లలో ఇప్పటికే ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. ఇళ్లలో ఉన్నవాటిని వదిలించుకోమని ఎవరూ అనలేదు. కానీ టీవీలో "పిట్‌బుల్స్ బ్యాన్" అని స్క్రోలింగ్ వచ్చేసరికి ఆ అబ్బాయికి టెన్షన్ పట్టుకుంది. "ఆంటీ, రెండ్రోజులు చూసుకోండి, ఊరెళ్లొస్తా" అని గొలుసు నా చేతిలో పెట్టాడు. ఆ ఊరి నుంచి ఇంకా రాలేదు.

ఆ మరుసటి నెల, ఏప్రిల్ 10న, సంబంధించినవాళ్లతో మాట్లాడకుండా ఆ లేఖ ఇచ్చారని కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అది ఏ స్క్రోలింగ్‌లో వచ్చిందో నాకైతే గుర్తులేదు.

ఇక వాడి టీకాల కార్డు చూడండి. జాతి అనే గడిలో మొదటి డాక్టరు నీలం ఇంకుతో "పిట్‌బుల్" అని రాశారు. రెండో చోట దాన్ని కొట్టేసి నల్ల ఇంకుతో "అమెరికన్ బుల్లీ" అన్నారు. రేబిస్ బూస్టర్‌కి వెళ్లినప్పుడు మూడో డాక్టరమ్మ వాడి మూతి, తోక అటూ ఇటూ తిప్పి చూసి, "లాబ్రడార్ కూడా కలిసినట్టుందమ్మా" అని పక్కనే చిన్నగా "క్రాస్" అని రాసింది. ఒకే కుక్క, ఒకే గడి, మూడు రాతలు. తీర్మానం ఏ రాతను బట్టి అమలు చేస్తారో నాకు తెలియట్లేదు. మీ కాగితంలోని 'తత్సమాన' అనే మాట కిందికి ఎవరెవరు వస్తారో రాసినవాళ్లకైనా తెలుసా?

డాక్టర్లను తప్పుపట్టడానికి లేదు. అసలు పిట్‌బుల్ అనేది ఒక జాతి పేరు కాదు. అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, వీటి సంకరాలు, వీటిలా వెడల్పు తలా పొట్టి జుట్టూ ఉన్న దారినపోయే ప్రతి కుక్కా ఆ పేరుతోనే చలామణి అవుతాయి.

ఆ పేరులోని 'పిట్' మనకు కొత్త సరుకేమీ కాదు. దాన్ని మన భాషలో బరి అంటాం. సంక్రాంతికి భీమవరం వెళ్లొచ్చినవాళ్లకు బరి అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఎద్దును గుంజకు కట్టి దాని మీదికి బుల్‌డాగ్‌లను ఉసిగొల్పేవాళ్లు. జనం చుట్టూ మూగి పందేలు కాసేవాళ్లు. 1835లో చట్టం చేసి దాన్ని మాన్పించారు. కానీ పందెం రుచి మరిగినవాడు మానతాడా? ఎద్దు పందేనికి మైదానం కావాలి, నలుగురికీ కనబడుతుంది. కుక్కల పందేనికి సారా దుకాణం వెనక గది చాలు, సెల్లార్ చాలు. బుల్‌డాగ్ బలానికి టెర్రియర్ చురుకుదనం కలిపి కొత్త రకాన్ని పుట్టించారు. వలసపోయినవాళ్లతో పాటు అది అమెరికా చేరింది. అక్కడ 1898లో కుక్కల జాతులను నమోదు చేయడానికి యునైటెడ్ కెన్నెల్ క్లబ్ అని ఒకటి పెట్టి పిట్‌బుల్ టెర్రియర్‌ను రిజిస్టర్ చేశారు. ఇంకో పెద్ద క్లబ్బుకి ఆ 'పిట్' అనే మాట మింగుడుపడలేదు. 1936లో అదే వంశపు కుక్కలను స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అనే పేరుతో చేర్చుకుంది. పేరు మార్చుకుంటే మర్యాద వస్తుందని అప్పటివాళ్లకూ తెలుసన్నమాట.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో ఈ కుక్కంటే అక్కడ భయం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు వేసిన ఒక పోస్టరులో ఒక్కో దేశాన్నీ ఒక్కో జాతి కుక్కగా గీసి, మధ్యలో అమెరికాను పిట్‌బుల్‌గా కూర్చోబెట్టారు. పిల్లల కామెడీ సినిమాల్లో కంటి చుట్టూ నల్లటి వలయం ఉన్న పీటీ అనే కుక్క ఇదే రకం. తర్వాత 1970లు, 80ల్లో దొంగచాటు కుక్కల పందేల వార్తలు, మత్తుమందుల ముఠాల వార్తలు, వాటి పక్కనే ఈ కుక్క ఫొటో. 1987 జులైలో ఒక ప్రసిద్ధ క్రీడల పత్రిక ముఖచిత్రం మీద కోరలు చాచిన పిట్‌బుల్‌ని వేసి "ఈ కుక్కతో జాగ్రత్త" అని రాసింది. అంతే, బెదిరించడానికి కుక్క కావాలనుకున్న ప్రతివాడికీ ఏది కొనాలో తెలిసిపోయింది. మా పై ఫ్లాట్ అబ్బాయి దాకా వచ్చిన ఫ్యాషన్ అదే.

ఇలాంటి ముద్ర పడిన కుక్క ఇదొక్కటే కాదు. పోలీసుల పక్కన గౌరవంగా నిలబడే అల్సేషియన్, అదే జర్మన్ షెపర్డ్, తోడేలు జాతి అని భయపడి ఆస్ట్రేలియా 1929లో దాని దిగుమతిని ఆపేసింది. నాలుగు దశాబ్దాలు దాటాక గానీ ఎత్తేయలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ లేఖకు విలువుండదు.

పోయిన దీపావళికి ముందురోజు సాయంత్రం. గుండప్పను కిందికి తీసుకెళ్తున్నాను. చేతిలో ఫోను, ఒక పేరెంట్ మెసేజ్ పెట్టారు, ట్యూషన్ టైమ్ గురించి. గొలుసు చివరి ఉంగరం రెండు వేళ్లకు మాత్రమే తగిలించి ఉంది. సెల్లార్‌లో లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఎదురుగా మూడో అంతస్తు అంకుల్ గారు, ఆయన బుజ్జి కుక్క షిట్జూ. ఆ క్షణంలోనే గేటు బయట లక్ష్మీబాంబు పేలింది. ఉంగరం నా వేళ్ల మీద నుంచి జారడం తెలిసింది, ఆ తర్వాత కేక వినబడింది. గుండప్ప ఆ చిన్నకుక్క చెవి పట్టుకున్నాడు. నేను వాడి వెనక కాళ్లు ఎత్తిపట్టి లాగాను, మా వాచ్‌మన్ బకెట్ నీళ్లు మొహాన కొట్టాడు. వదిలాడు. చెవికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి ఆస్పత్రి బల్ల మీద ఆ చిన్న ప్రాణం వణుకుతుంటే అంకుల్ గారు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిడితే బాగుండేది.

లిఫ్ట్‌లో కాగితం మీద మూడో సంతకం ఆయనదే. పెట్టడంలో తప్పేమీ లేదు.

కాబట్టి పిట్‌బుల్ ప్రేమికులు చెప్పే కొన్ని మాటలు నేను మీకు చెప్పను. ఈ కుక్కను పూర్వం పసిపిల్లలకు ఆయాగా ఉంచేవాళ్లని ఫోన్లలో తిరుగుతుంటుంది. దానికి పాత ఆధారం ఒక్కటీ లేదు. 1970లకు ముందు ఆ మాటే వినబడదు. పిల్లల్నీ కుక్కనీ ఒంటరిగా వదలడానికి ఆ కట్టుకథ సాకు కాకూడదు. పట్టు పడితే దవడలు తాళం పడిపోతాయన్నదీ అబద్ధమే. తాళం పడే కీలు ఏ కుక్కకూ లేదు, బకెట్ నీళ్లకే మావాడు వదిలాడు. అయితే పట్టిన పట్టు ఒకంతట వదలని మొండితనం, తోటి కుక్క కనబడితే రెచ్చిపోయే గుణం తరాల తరబడి ఏరి ఏరి పెంచినవి. అన్ని కుక్కల్లో ఉండదు, కొన్నింట్లో ఉంటుంది. ఒంట్లో బలం కూడా ఉంది గనుక, పొరపాటు జరిగితే పొమరేనియన్ కాటులా దూదీ డెట్టాల్‌తో పోదు. అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కకాటు మరణాలు లెక్కగడితే సగానికి పైగా పిట్‌బుల్ రకాలు, రాట్‌వీలర్లవే అని తేలింది. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడను ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్లే చంపింది. ఇవి దాస్తే దాగేవి కావు.

కానీ ఆ అమెరికా లెక్కలోనే కనీసం 25 జాతుల కుక్కలున్నాయి. అందుకే అక్కడివాళ్లు తర్వాత వేరే ప్రశ్న వేశారు. ఏ జాతి అని కాకుండా, ఆ పూట ఆ ఇంట్లో ఏం జరిగింది అని. 2000 నుంచి 2009 వరకు జరిగిన 256 మరణాలను ఒక్కోటీ తవ్వి చూసి 2013లో ప్రచురించారు. వందకు 87 సందర్భాల్లో ఆపగలిగిన మనిషి పక్కన లేరు. 84 సందర్భాల్లో కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. 76 సందర్భాల్లో ఆ కుక్కను మనుషులతో మసలనివ్వకుండా విడిగా పెట్టారు. జాతి ఏమిటో నమ్మకంగా చెప్పగలిగినవి ఐదో వంతు కూడా లేవు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల డీఎన్ఏ చదివింది. ఒక కుక్క ప్రవర్తనలో తేడాలకు జాతి చెప్పగలిగే కారణం సుమారు తొమ్మిది శాతమేనట.

అంత దూరం ఎందుకు, మన ఊరే చూద్దాం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన కుర్రాడు, తలుపు తెరవగానే కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది జర్మన్ షెపర్డ్. ఆ మేలో మణికొండలో ఇంకో డెలివరీ అతను అలాగే దూకి గాయాలపాలయ్యాడు. అది డాబర్‌మ్యాన్. ఈ రెంటికీ మధ్య, ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును పొట్టనబెట్టుకున్నవి వీధి కుక్కలు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకున్న ఘటన అది. ఆ ఏడాది ఆ మూడు చోట్లా మీ తీర్మానం అమల్లో ఉందనుకోండి. ఒక్కటైనా ఆగేదా? నా నీళ్లు మాత్రం ఆగేవి.

బంజారాహిల్స్‌లో, మణికొండలో కావలసింది ఒక్కటే. బెల్ మోగితే ముందు కుక్కను గదిలో పెట్టి గడియ వేసి, ఆ తర్వాత తలుపు తీయడం. దీనికి జాతితో పనిలేదు. మీరు రాయదలుచుకుంటే మొదటి నిబంధన ఇదే రాయండి. డెలివరీకి వచ్చేవాళ్లు, పనమ్మాయిలు, గ్యాస్ సిలిండర్ తెచ్చే అన్నలు మీ మీటింగులకు రారు, తీర్మానాల మీద సంతకాలు పెట్టరు. కుక్క తలుపు దాటితే మొదట ఎదురుపడేది వాళ్లే.

పేరు చూసి వేసే నిషేధాలు ఇతర దేశాలు చాలా చేసి చూశాయి. బ్రిటన్ 1991లో పిట్‌బుల్‌ను నిషేధించింది. కుక్కకాట్లతో ఆస్పత్రుల్లో చేరేవాళ్లు తగ్గకపోగా పెరుగుతూ వచ్చారు. నిషేధం పరిధిలోకి రాని ఎక్సెల్ బుల్లీ అనే ఇంకా పెద్ద రకం అక్కడికి వచ్చి చేరింది. 2023లో మళ్లీ దాన్ని జాబితాలో కలపాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ 1993లో తెచ్చిన నిషేధాన్ని, కాట్లు తగ్గలేదని చూసి 2008లో ఎత్తేసింది. అమెరికాలో డెన్వర్ నగరం 1989లో నిషేధిస్తే 2020లో అక్కడి ఓటర్లే దాన్ని తీసేసి పర్మిట్ పద్ధతి పెట్టుకున్నారు.

చట్టం సంగతి ఒక్క ముక్క. మెజారిటీ తీర్మానంతోనైనా సరే అపార్ట్‌మెంట్లలో పెంపుడు జంతువులను నిషేధించడం కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం అడ్డం పెట్టుకుని వాదించాలని నాకు లేదు. ఎందుకంటే మీ చేతిలో నా మీదికే పనికొచ్చే చట్టం ఒకటుంది. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడొచ్చు. నాలాంటివాళ్లు గొలుసు రెండు వేళ్లకు తగిలించుకుని తిరిగితే దాన్ని వాడండి. కుక్కలను పందేలకు ఉసిగొల్పేవాళ్ల మీద 1960 నాటి చట్టంలో జరిమానా ఎంతో తెలుసా? మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై. ఇరానీ కేఫ్‌లో ఇద్దరు కూర్చుని చాయ్ తాగి, రెండేసి ఉస్మానియా బిస్కెట్లు తింటే అంతకంటే ఎక్కువ బిల్లవుతుంది.

అమ్మేవాళ్ల వైపు కూడా ఒకసారి చూడండి. 2017 నిబంధనల ప్రకారం కుక్కపిల్లల వ్యాపారం చేసేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కానీ మన ఊళ్లో ఫ్లాట్ బాల్కనీల్లోనే ఈతలు వేయించి ఇన్‌స్టాలో అమ్ముకునేవాళ్లున్నారు. మీ మధ్యే ఉండొచ్చు. కొత్తగా కుక్క వచ్చిన ఫ్లాట్‌కు వెళ్లి ఎక్కడ కొన్నారు, రిజిస్ట్రేషన్ ఉందా, టీకాలు వేయించారా, ఆపరేషన్ ఎప్పుడు అని నాలుగు ప్రశ్నలడగండి. లాబ్రడార్ వాళ్లనూ అడగండి. టెర్రస్ మీద ట్యాంకు నీడన పొద్దస్తమానం కట్టేసి ఉండే కుక్క మీ బిల్డింగులో ఉంటే, అది ఏ జాతిదైనా, ముందు దాని గురించి భయపడండి.

నేనేం చేస్తున్నానో కూడా చెబుతాను. ఆపరేషన్ అయిపోయింది. పిల్లలు ట్యూషన్‌కి వచ్చే నాలుగు నుంచి ఏడు దాకా గుండప్ప వెనక గదిలో ఉంటాడు, బయట గడియ. పొద్దున అయిదున్నరకు వాడు, ఆరున్నరకు షిట్జూ. ఒకరి దారిలోకి ఒకరు రారు. ఛాతీ పట్టీ ఒకటి, మెడపట్టీ ఒకటి, రెండింటికీ కలిపి గొలుసు. ఫోను ఇంట్లోనే. మూతికి మజిల్. పంట నూర్చేటప్పుడు ఎద్దుల మూతికి చిక్కం కట్టేవాళ్లు కదా, అలాంటిదే, కాకపోతే ప్లాస్టిక్ బుట్ట. ఎవరైనా మజిల్ కొనేటట్టయితే బుట్టలాంటిదే కొనమనండి. గుడ్డతో నోరు బిగించేవి వద్దు. కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన మే నెల ఎండలో నోరు కట్టేస్తే వడదెబ్బకు పోతుంది. వాడికి చిక్కం అలవాటు చేయడానికి మూడు వారాలు పట్టింది. మొదట అడుగున పెరుగన్నం ముద్ద పెట్టి నాకించాను, తర్వాత పట్టీ బిగించాను. ఇప్పుడు కొక్కేనికి ఉన్న దాన్ని నేను ముట్టుకుంటే చాలు, మూతి తెచ్చి దాన్లో పెట్టేస్తాడు. పెరుగన్నం మీది ఆశ.

నిన్న సాయంత్రం లిఫ్ట్ దగ్గర అంకుల్ గారు కలిశారు. లోపల ఆ కాగితం అలాగే ఉంది, ఇద్దరం చూడనట్టే నిలబడ్డాం. మూడో అంతస్తు వచ్చాక దిగుతూ, "ఆదివారం మీటింగుకి ఆ చిక్కం పట్టుకురామ్మా. దగ్గర్నుంచి ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు. తెస్తానన్నాను. కుక్కను తీసుకురాను లెండి.

ఇట్లు,
ఫ్లాట్ నంబర్ 402 నుంచి
మీ లెక్కల టీచర్, అల్వాల్